మా పాప రోజూ అద్దం ముందు ఐడల్ అయిపోతోందండీ, ఏం చెయ్యను?

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు. మా పాపకి తొమ్మిదేళ్ళు, నాలుగో క్లాసు. కొన్ని నెలలుగా జపాన్ కార్టూన్ ఒకటి పట్టుకుంది, ఐడల్ ప్రీక్యూర్ అంట. అందులో అమ్మాయిలు ఫట్‌మని మారిపోయి స్టేజ్ ఎక్కి పాడితే రాక్షసులు లొంగిపోతారు. ఇది నా చున్నీలు రెండు చుట్టుకుని, దువ్వెన మైకు చేసుకుని, ఒక్క ముక్క అర్థం కాని ఆ పాటలన్నీ పొల్లుపోకుండా పాడేస్తోంది. మా అత్తగారేమో పిల్లకి గాలి సోకింది, ఆ ఫోన్ తీసుకెళ్ళి బావిలో పడెయ్ అంటున్నారు. మా వారికి హైదరాబాద్‌లో జాబ్, వారానికోసారి వచ్చి చూడనీలే అనేసి వెళ్ళిపోతారు. ఇప్పుడు కొత్తగా మా బావగారి అమ్మాయి, ఇంటర్ చదువుతోంది, పిన్నీ దీనికి ఇన్‌స్టా పెడదాం, రీల్స్ చేస్తే ఫ్యాన్స్ వచ్చేస్తారు అంది, అప్పట్నుంచి పాప నన్ను నిద్రపోనివ్వట్లేదు. ఇలాంటివి చూపించాలా ఆపాలా? ఆ డ్రెస్సులు, ఆ మేకప్పులు ఈ వయసుకి సరేనా? అకౌంట్ పెట్టమంటారా? పైగా జపనీస్ కూడా నేర్పించమని గొడవ. - ఒక అమ్మ

జవాబు: ఫోన్ బావిలో పడేస్తే ఫోనే పోతుందండీ, పాటలు ఎలాగూ పిల్ల నోట్లోనే ఉన్నాయి. టూకీగా చెప్పమంటే, చూడనివ్వండి, కానీ ఏది చూడాలో మీరు చూసి పెట్టండి, అకౌంట్ మాత్రం వద్దే వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పెద్దగానే ఉంటుంది, ఈ రకం యానిమే, అంటే జపాన్ కార్టూన్లు, నేను కూడా తెగ చూస్తాను కాబట్టి మొదలుపెడితే ఆగను.

ముందు మీ పాప ఏం చూస్తోందో మీకు తెలియాలి కదా. ప్రీక్యూర్ అనేది జపాన్‌లో 2004 నుంచి నడుస్తోంది, తోయే యానిమేషన్ వాళ్ళది, ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి వస్తుంది, దాదాపు ఏడాదికో కొత్త కథ, కొత్త పిల్లలు, కొత్త డ్రెస్సులు. 2022లో వంటలు తిండి మీద తీశారు, 2024లో కుక్కలూ పిల్లులూ, 2025 ఫిబ్రవరి నుంచి 2026 జనవరి దాకా ఈ ఐడల్స్, అంటే స్టేజ్ ఎక్కి పాడుతూ ఆడుతూ ఫ్యాన్స్‌ని సంపాదించుకునే కుర్ర సింగర్లు. కథ సింపుల్. సాకురా ఉతా అని మన లెక్కలో ఎనిమిదో క్లాసు పిల్ల, వాళ్ళింట్లో వాళ్ళకి కాఫీ షాపు ఉంటుంది, ఈ పిల్లకి ఏం కనిపించినా దాని మీద పాట కట్టేసి పాడెయ్యడం అలవాటు. కిరాకిల్యాండ్ అనే చోటి నుంచి పురిరున్ అని ఒక బుజ్జి ప్రాణి వస్తుంది, వాళ్ళ లోకాన్ని చీకటి కమ్మేసింది, కాపాడే ఐడల్ ప్రీక్యూర్ కోసం వెతుక్కుంటూ. ఇంకేముంది, ఉతానే వేషం మారి క్యూర్ ఐడల్ అనే ప్రీక్యూర్ అయిపోతుంది. తర్వాత పియానో వాయించే నానా వచ్చి క్యూర్ వింక్ అవుతుంది, ఆ తర్వాత కొకోరో.

ఇందులో నాకు భలే నచ్చింది ఫైటింగ్ ముగించే పద్ధతి. విలన్లు మామూలు మనుషుల్లోంచి, ఏదో దిగులుతోనో భయంతోనో ఉన్నవాళ్ళని చూసి, వాళ్ళ వెలుగు లాగేసి రాక్షసుణ్ణి చేస్తారు. వీళ్ళు కాసేపు తన్నుకుంటారు, ఆఖర్న ఏం చేస్తారంటే స్టేజ్ వచ్చేస్తుంది, ఆ రాక్షసుణ్ణి బలవంతంగా ఆడియెన్స్ సీట్లో కూలేస్తారు, కూర్చుని పాట మొత్తం వినాల్సిందే, తప్పించుకోడానికి లేదు. పాట అయ్యేసరికి వాడు కరిగిపోయి లోపలి మనిషి బయటికొస్తాడు. చంపడం లేదు, రక్తం లేదు. దిగులుగా ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి పాట వినిపించడం, అంతే. తొమ్మిదేళ్ళ పిల్ల ఇది చూసి పాడుతోందంటే గాలి సోకడం కాదండీ, చెవి బావుందని అర్థం.

డ్రెస్సుల సంగతి అడిగారు. ఫ్రిల్స్, రిబ్బన్లు, రంగు జుట్టు ఉంటాయి గానీ ఈ సీరీస్ చిన్నపిల్లల కోసం తీసేది, ఆ జాగ్రత్త మొదట్నుంచీ ఉంది. 2004లో మొదటిది తీసినప్పుడు ప్రొడ్యూసర్ వషియో తకాషి పెట్టుకున్న ఐడియానే ఆడపిల్లలకి కూడా అల్లరిగా ఎగిరి తన్నాలని ఉంటుంది అని, అందుకే అందులో ఇద్దరమ్మాయిలు మంత్రదండం ఊపి ఊరుకోకుండా చేతుల్తో కాళ్ళతో కొడతారు, ఒకమ్మాయికైతే స్కర్టు కింద షార్ట్స్ కూడా ఉంటాయి. కాబట్టి ఈ విషయంలో ప్రీక్యూర్ గురించి మీరు కంగారు పడక్కర్లేదు. మన టీవీలో పిల్లల డాన్స్ షోల్లో ఏడేళ్ళ పిల్లతో ఐటెం సాంగ్ చేయించి జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తాం, మీ అత్తగారికి అది గాలి అనిపించదు మరి. సరే, ఆవిడ జోలికి ఇప్పుడే వద్దు, తర్వాత వస్తా.

అసలు విషయం ఐడల్ అనే దగ్గరుంది. మ్యాజిక్ పిల్లల్ని ఐడల్స్‌ని చెయ్యడం ఇప్పుడు పుట్టిన ఐడియా కాదు. 1983లో క్రీమీ మామీ అని ఒకటొచ్చింది, స్టూడియో పియెరో వాళ్ళు తీశారు, 52 ఎపిసోడ్లు, వీలైతే ముందు మీరొక్కరే చూడండి, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. యూ అని పదేళ్ళ పిల్ల, అమ్మానాన్నలు క్రేప్‌లు అమ్మే కొట్టు నడుపుతుంటారు, అంటే పల్చటి తీపి అట్లు. ఆకాశంలో తేలుతున్న ఓడొకటి ఈ పిల్ల కంటికి కనపడుతుంది, అందులో ఉన్న పినో పినో అనే వాడు ఒక మంత్రదండం ఇస్తాడు, ఒక్క ఏడాదికే. కాపలాకి రెండు పిల్లులు, ఒకటి పోజి ఇంకోటి నెగా, పేర్లకి తగ్గట్టే ఒకటి పాజిటివ్ ఒకటి నెగటివ్. దండం తిప్పితే యూ పదహారేళ్ళ అమ్మాయి అయిపోతుంది, అలా వీధిలో తిరుగుతుంటే సింగర్లని తయారుచేసే కంపెనీ వాడొకడు చూసి తీసుకెళ్ళి టీవీలో నిలబెట్టేస్తాడు, రాత్రికి రాత్రి స్టార్. ఇక్కడిదాకా పిల్లలందరి కల. ఇక్కణ్ణించే కథ మెలిక పడుతుంది. యూకి చిన్నప్పట్నుంచీ తోషియో అనే నేస్తం అంటే ప్రాణం. ఆ తోషియో క్రీమీ మామీకి పడిపోతాడు, పోస్టర్లు అంటించుకుంటాడు, పక్కనున్న యూని పట్టించుకోడు. అంటే ఈ పిల్లకి పోటీ ఎవరయ్యా అంటే తనే! తన మీద తనకే కుళ్ళు. ఎంత బాగా పాడితే అంత దూరం అయిపోతాడు వాడు. ఎవరికైనా చెప్పుకుందామా అంటే మారేటప్పుడు ఎవరన్నా చూస్తే శక్తి పోతుందని రూలు. మధ్యలో ఒకసారి తోషియో చూసేస్తాడు కూడా, శక్తి పోతుంది, అది తిరిగి వచ్చేసరికి వాడు ఆ చూసిందంతా మర్చిపోతాడు. నలభై ఏళ్ళ కిందటి పిల్లల కార్టూన్‌లో ఇంత పట్టు ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో తమాషా ఏంటంటే మామీకి గొంతిచ్చిన ఓతా తకాకో నిజంగానే అప్పుడే వచ్చిన కొత్త సింగర్, ఆ సీరీస్ టైటిల్ పాటే ఆవిడ మొదటి రికార్డు. కథలో కొత్త ఐడల్, బయటా కొత్త ఐడల్, రెండూ ఒకేసారి జనంలోకి వదిలారు. జపాన్‌లో ఐడల్స్ పిచ్చి ఊపు మీదున్న రోజులు అవి, మత్సుదా సేకో 1980లో వచ్చింది, నకమోరి అకినా 1982లో. కాబట్టి బిజినెస్ మొదట్నుంచీ ఉంది, లేదనుకోకండి.

అయినా ఈ కథలన్నిట్లో ఒకటి గమనించండి. మామీని దేశమంతా చూస్తుంది గానీ యూని ఎవరూ చూడట్లేదు. దండం తిప్పితే పదేళ్ళ పిల్ల మళ్ళీ ఇంటికొచ్చి అట్లు తిని పడుకుంటుంది. ఐడల్ ప్రీక్యూర్‌లో కూడా అంతే, ఊరంతా క్యూర్ ఐడల్ ఎవరు క్యూర్ ఐడల్ ఎవరు అని ఊగిపోతుంటే ఉతా మామూలుగా స్కూలుకెళ్తుంటుంది. కొకోరో అనే పిల్ల అయితే వీళ్ళెవరో కనిపెట్టాలని రీసెర్చ్ క్లబ్బే పెట్టేస్తుంది, తర్వాత తనే మూడో ప్రీక్యూర్ అవుతుంది, అది వేరే సంగతి. ఆ వేషం ఉందే, అది షోకుకి కాదండీ, గోడ. పొగిడేవాళ్ళు పొగిడినా తిట్టేవాళ్ళు తిట్టినా అది ఆ వేషానికి తగులుతుంది, లోపలున్న పిల్లకి కాదు, కావాలనుకున్నప్పుడు విప్పేసి వచ్చెయ్యొచ్చు.

మీ బావగారమ్మాయి పెడదామంటున్న అకౌంట్‌లో ఈ గోడ లేదు. అక్కడ ఉండేది మీ పాప సొంత మొహం, సొంత గొంతు, వెనకాల మీ హాలు, ఒక్కోసారి ఒంటి మీద స్కూల్ యూనిఫాం, దాని మీద స్కూల్ పేరు. విప్పి పక్కన పెట్టడానికి వేషం లేదు. కింద కామెంట్ పెట్టేది ఎవరో మీకు తెలీదు, నల్లగా ఉందని ఒకడు, పళ్ళు చూసుకో అని ఇంకొకడు, అది తొమ్మిదేళ్ళ పిల్ల కూర్చుని చదువుకుంటుంది. అదీ కాకపోతే ఇంకో బాధ, ఎవరూ ఏమీ అనరు, పన్నెండు లైకులు వస్తాయి, అందులో పది మీ చుట్టాలవే, రాత్రి అన్నం దగ్గర ఏడుపు. ఇన్‌స్టాగ్రామ్ రూలు ప్రకారమే పదమూడేళ్ళు నిండాలి, అంటే అకౌంట్ తెరవడమే పుట్టిన తేదీ అబద్ధం చెప్పి తెరవాలి. అమ్మానాన్న నడిపే అకౌంట్ అని రాసి పెట్టొచ్చు కదా అంటారు, పెట్టొచ్చు, దానికి ఒప్పుకుంటారు కూడా, కానీ మీరు నడిపినంత మాత్రాన చూసేవాళ్ళు మారరు కదా.

పాపకి వద్దు అంతే అని చెప్పకండి, రాత్రంతా గోల. వాళ్ళ రూలే వాళ్ళకి చెప్పండి. అమ్మలూ, ఊళ్ళో ఎవరికైనా క్యూర్ ఐడల్ ఇల్లెక్కడో తెలుసా? ఉతా తన పేరుతో పాడుతోందా? అని అడగండి. ఆ షో రూల్స్ మీకన్నా నాకన్నా దానికే బాగా తెలుసు, కాసేపు ఆలోచించి మీతోనే వాదనకి దిగుతుంది, దిగనివ్వండి. ఒకవేళ అయితే నేను వేరే పేరు పెట్టుకుంటా, మొహానికి మాస్క్ వేసుకుంటా అంటే, పేరు పెట్టుకో, డ్రెస్ కుట్టిద్దాం, స్టేజ్ మాత్రం మనింట్లోనే అనండి.

అన్నట్టు జపాన్‌లో నిజం ఐడల్స్ బతుకు కూడా ఈ కార్టూన్లంత తీపి కాదు, పాపకి ఇప్పుడే చెప్పక్కర్లేదు గానీ మీరు తెలుసుకోండి. చాలా గ్రూపుల్లో ప్రేమ గీమ కూడదని కట్టుబాటు ఉంటుంది. 2013లో ఏకేబీ48 అనే పెద్ద గ్రూపులో ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒక అబ్బాయి ఇంట్లో ఉండి వచ్చిందని పత్రిక రాస్తే, ఆ పిల్ల తల గీయించుకుని వీడియోలో ఏడుస్తూ ఫ్యాన్స్‌కి క్షమాపణ చెప్పింది. ప్రపంచమంతా వార్త అయింది. ఫ్యాన్స్ అనే మాటకి ఆ చివర ఇదుంటుంది, మీ బావగారమ్మాయికి కూడా ఓసారి చెప్పండి, ఇంటర్ పిల్ల కదా అర్థం చేసుకుంటుంది.

మరి పిల్ల సరదా ఏం కావాలి? స్టేజ్ ఇవ్వండి, కానీ ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఎవరో దానికి తెలిసిన స్టేజ్. శనివారం రాత్రి వాళ్ళ నాన్న వచ్చినప్పుడు హాల్లో లైట్లు తీసేసి, ఫోన్ టార్చ్‌లు వెలిగించి ఒక లైవ్ పెట్టండి. ప్రీక్యూర్ సినిమాలకి జపాన్‌లో థియేటర్లో చిన్నపిల్లలకి బుల్లి లైట్లు ఇస్తారు, 2007 సినిమా నుంచి మొదలైంది, తెర మీద ప్రీక్యూర్ ఓడిపోతుంటే హాల్లో పిల్లలంతా ఆ లైట్లు ఊపుతూ గట్టిగా అరిచి గెలిపిస్తారు, మీ పాపకి ఈ సంగతి చెప్పి చూడండి, ఎగిరి గంతేస్తుంది. ఇక మీ అత్తగారు. ఆవిణ్ణి ముందు వరసలో సీట్లో కూర్చోబెట్టండి, పాట మొత్తం అయ్యేదాకా లేవకూడదని రూలు (రాక్షసి అనట్లేదండోయ్, నన్ను ఇరికించకండి). మనవరాలు తన కోసం పాడుతుంటే ఎంత గాలి అన్నవాళ్ళైనా రెండో చరణానికి మెత్తబడతారు, పైగా ఆవిడకి వచ్చిన పాటేదో, మంగళహారతో ఊయల పాటో, ఒకటి పాపకి నేర్పించమంటే ఇంకా మంచిది. ఉతా లాగా సొంతంగా పాట కట్టమనండి, తెలుగులో, మీ ఇంటి కాకి మీదో పక్కింటి కుక్క మీదో, జపనీస్ పాట బట్టీ పట్టడం కన్నా ఇదే అసలు ఐడల్ ప్రీక్యూర్ పని.

వీడియో తీసుకోండి, దాచుకోండి. ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది మర్చిపోతారు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ కూడా స్టేజే. మీరు గ్రూపులో పెట్టిన పది నిమిషాలకి ఎవరో ఒకరు ముచ్చటపడి స్టేటస్ పెట్టేస్తారు, ఆ స్టేటస్ వాళ్ళ ఆఫీసువాళ్ళూ గ్యాస్ బుకింగ్ కుర్రాడూ అందరూ చూస్తారు. స్టేటస్ పెట్టొద్దని తీసే ముందే అందరికీ చెప్పండి. ఇన్‌స్టా ఐడియా ఇచ్చిన ఆ అమ్మాయికే కెమెరా, లైటింగ్, డ్రెస్సుల డిపార్ట్‌మెంట్ అప్పగించండి, ఉత్సాహం ఉన్న పిల్లని పక్కకి నెడితే రేపు మీకు తెలీకుండా పెట్టేస్తుంది.

పాటల క్లాసుకి పంపొచ్చా అని మీరు అడగలేదు గానీ పంపండి, గొంతు వింటే మేష్టారికి తెలిసిపోతుంది. కానీ వెంటనే టీవీ ఆడిషన్లకి మాత్రం తిప్పకండి, అది కూడా గోడ లేని స్టేజే.

ఇక ఏవి చూడాలి అన్నది. ముద్దుగా ఉంది కదా అని ప్రతిదీ పిల్లలది కాదండీ, ఇదే మీకు నేను గట్టిగా చెప్పేది. మడోకా మాజికా అని 2011లో వచ్చింది, పోస్టర్ చూస్తే అచ్చం మీ పాప చూసే లాంటిదే, మూడో ఎపిసోడ్ చివర చూశాక పెద్దవాళ్ళకే నిద్ర పట్టదు. నాకు చాలా ఇష్టం అది, కానీ తొమ్మిదేళ్ళకి వద్దు. ఒషి నో కో అని 2023ది, పేరుకి ఐడల్ కథే, మొదటి ఎపిసోడ్‌లోనే హత్యలు, దాన్ని దగ్గరికి కూడా రానివ్వకండి ఇప్పుడు. ఫుల్ మూన్ అని 2002లో వచ్చిందొకటి ఉంది, పన్నెండేళ్ళ పిల్లకి గొంతులో కణితి, ఏడాదిలో చనిపోతుందని ఇద్దరు మృత్యుదేవతలు వచ్చి చెప్తారు, వాళ్ళ సాయంతోనే పదహారేళ్ళ సింగర్‌గా మారుతుంది. గొప్ప కథ, చావు గురించి ఎక్కువ మాట్లాడుతుంది, ఇంకో మూడు నాలుగేళ్ళాగి మీరు పక్కన కూర్చుని చూపించండి, మీరే ఎక్కువ ఏడుస్తారు.

చూపించదగ్గవి అంటే క్రీమీ మామీ సరే, 1998లో అదే స్టూడియో తీసిన ఫ్యాన్సీ లాలా కూడా, 26 ఎపిసోడ్లే, అందులో మిహో కి కూడా మీ పాప వయసే, బొమ్మలు గీసుకునే పిల్ల, గీసింది నిజమవుతుంది, పదిహేనేళ్ళ లాలాగా మారి మోడలింగ్ చేస్తుంది, ఆ పని ఎంత కష్టమో బాగా చూపిస్తారు. నవ్వుకోడానికైతే ప్రీపారా, 2014ది. అందులో అందరూ ఫ్రెండ్సే, అందరూ ఐడల్సే అని నినాదం, టికెట్ ఉన్న ఏ పిల్లైనా ఆ లోకంలోకి వెళ్ళి ఐడల్ అయిపోవచ్చు. సోఫీ అని ఒక క్యారెక్టర్ ఉంటుంది, మామూలుగా వడలిపోయిన తోటకూర కాడలా వేలాడుతుంటుంది, ఒక ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి రేగు లాంటి పండు, అది నోట్లో వేసుకోగానే ఝామ్మని గంభీరంగా మారిపోయి స్టేజ్ ఎక్కేస్తుంది. ఊరగాయ తిని ఐడల్ అయ్యే పిల్ల గుంటూరోళ్ళకి నచ్చకపోతే ఇంకెవరికి నచ్చుతుందండీ.

బొమ్మల ఖర్చు గురించి కూడా ముందే జాగ్రత్త పడండి. ఈ సీరీస్‌లు నడిచేదే బొమ్మల అమ్మకాల మీద, ఆ మైకులు ఆ బ్రోచ్‌లు అన్నీ బందాయ్ వాళ్ళు అమ్ముతారు, ఏడాది తిరిగేసరికి కొత్తవి. 2026 ఫిబ్రవరి నుంచి వచ్చిన కొత్త ప్రీక్యూర్ డిటెక్టివ్‌ల కథ, కాబట్టి మీ పాప వచ్చే వేసవికి చున్నీ తీసేసి భూతద్దం అడిగినా అడగొచ్చు. అట్టముక్క, చంకీలు, ఫెవికాల్ తెచ్చివ్వండి, బ్రోచ్ అదే చేసుకుంటుంది.

జపనీస్ నేర్పించమందన్నారు కదా, దానికి మాత్రం ఊ అనెయ్యండి. హిరగానా అనే జపనీస్ లిపిలో అక్షరాలు 46, రోజుకి రెండు మూడు దిద్దినా నెలలోపు అయిపోతాయి, అచ్చులు ఐదే, అ ఇ ఉ ఎ ఒ, మన పిల్లలకి నోరు తిరగడం చాలా తేలిక. పాడే పాటలోవే పదాలు ఏరి రాయించండి, నాలుగు గీతల పుస్తకం కన్నా గళ్ళ నోట్‌బుక్ అయితే అక్షరం కుదురుగా వస్తుంది.